పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వదు: లినక్స్ లాగిన్ తెర మొరాయిస్తే ఏం చేయాలి?

ఉదయం ఆఫీసుకు వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తారు. తెర మీద పేరు కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. డెస్క్‌టాప్ వస్తుందనుకునేలోపే మళ్లీ అదే లాగిన్ తెర ప్రత్యక్షమవుతుంది. పాస్‌వర్డ్ తప్పని చెప్పదు, లోపలికీ రానివ్వదు. పదిసార్లు కొట్టినా అదే తంతు.

లినక్స్ వాడేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఇది. దీన్ని లాగిన్ లూప్ అంటారు. రిపేరు షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే సమాధానం ఒక్కటే: ‘ఫార్మాట్ చేయాలి’. అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేసి, కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం. పిల్లల ఫొటోలు, సగం రాసిన థీసిస్, ఆఫీసు ఫైళ్లు అన్నీ దాంతోపాటే పోతాయి.

నిజానికి ఈ సమస్యలో ఫార్మాట్ అవసరమయ్యే సందర్భాలు చాలా తక్కువ. పాడైంది ఇల్లు కాదు, ముందు గుమ్మం మాత్రమే. పక్కనే ఇంకో గుమ్మం ఉందని తెలిస్తే చాలావరకు గండం గట్టెక్కినట్టే.

ఇప్పుడే ఎందుకు తెలుసుకోవాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు కావాల్సిన భద్రతా చిప్, ప్రాసెసర్ లేని పాత కంప్యూటర్లను పారేయలేక ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాల వైపు చూస్తున్నవారు ఉన్నారు.

ప్రభుత్వ రంగంలో లినక్స్ అంతకుముందు నుంచే ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కైట్ సంస్థ తయారుచేసిన ఉబుంటు ఆధారిత వ్యవస్థ నడుస్తోంది. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద దేశంలోని జిల్లా కోర్టుల కంప్యూటర్లలోనూ ఉబుంటు వాడుతున్నారు. సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా ‘బాస్’ను రూపొందించింది. రక్షణ శాఖ 2023లో ‘మాయా’ పేరుతో ఉబుంటు ఆధారిత వ్యవస్థ వైపు మళ్లింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది.

ఇలాంటి యంత్రాల ముందు కూర్చునే టీచర్లు, గుమస్తాలు, విద్యార్థుల్లో చాలామంది కంప్యూటర్ నిపుణులు కారు. లాగిన్ తెర ఆగిపోతే వాళ్ల పనీ అక్కడే ఆగిపోతుంది.

తెర వెనక ఏం జరుగుతుంది?

పేరు, పాస్‌వర్డ్ అడిగే ఆ తెర కూడా ఒక ప్రోగ్రామే. దాన్ని డిస్‌ప్లే మేనేజర్ అంటారు. యునిక్స్ ప్రపంచంలో ఇది 1988లో మొదలైంది. ఎక్స్11 మూడో విడుదలతో పాటు కీత్ ప్యాకర్డ్ రాసిన ఎక్స్‌డీఎం వచ్చింది. ఇప్పుడు ఉబుంటు, ఫెడోరాలలో జీడీఎం, మింట్‌లో లైట్‌డీఎం, కేడీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే చాలా రకాల్లో ఎస్‌డీడీఎం ఆ పని చేస్తున్నాయి.

బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా జరిగే పనిని నాలుగు అంచెలుగా చూడొచ్చు. మొదట డిస్‌ప్లే మేనేజర్ గ్రాఫిక్స్ వ్యవస్థను లేపి, లాగిన్ తెరను చూపిస్తుంది. రెండో అంచెలో పాస్‌వర్డ్‌ను ‘పామ్’ అనే భాగం సరిచూస్తుంది. మూడో అంచెలో వాడుకరి పేరు మీద కొత్త సెషన్ మొదలవుతుంది. అప్పుడు ఆ వ్యక్తి హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగులు చదవాలి, కొన్ని చిన్న ఫైళ్లు కొత్తగా రాయాలి. చివరిగా డెస్క్‌టాప్ వస్తుంది.

ఎక్కడ ఆగిందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. లాగిన్ తెరే రాకుండా నల్లగా ఉండిపోతే అనుమానం మొదటి అంచె మీద, ముఖ్యంగా గ్రాఫిక్స్ డ్రైవర్ మీద. ‘పాస్‌వర్డ్ తప్పు’ అని వస్తే రెండో అంచె. పాస్‌వర్డ్ తీసుకుని మళ్లీ వెనక్కి పంపిస్తే మూడోది. అంటే లాగిన్ లూప్‌లో పాస్‌వర్డ్ పరీక్ష నెగ్గినట్టే. దాన్ని మార్చుకున్నంత మాత్రాన ఉపయోగం ఉండదు.

తెలుగు కీబోర్డు తెచ్చే తంటా

‘పాస్‌వర్డ్ తప్పు’ అని వస్తుంటే ముందుగా చూడాల్సింది క్యాప్స్ లాక్. తర్వాత కీబోర్డు భాష. తెలుగులో టైప్ చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నవారికి ఇది ప్రత్యేకంగా వచ్చే చిక్కు. లాగిన్ తెర మీద భాష తెలుగులో ఉండిపోతే, ఇంగ్లిష్ అక్షరాలు అనుకుని కొట్టినవి తెలుగు అక్షరాలుగా వెళ్తాయి. తెర మీద చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తేడా తెలియదు.

లాగిన్ తెర పైభాగంలోనో మూలనో కీబోర్డు భాషను చూపే చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని ఇంగ్లిష్‌కు మార్చి చూడాలి. ఊరికే పదేపదే ప్రయత్నించడం మంచిది కాదు. కొన్ని ఆఫీసు కంప్యూటర్లలో వరుసగా తప్పు కొడితే ఖాతాకు కొంతసేపు తాళం పడేలా ఏర్పాటు ఉంటుంది.

పక్క గుమ్మం ఎక్కడుంది?

లాగిన్ తెర మీద ఉండగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలను కలిపి నొక్కాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి. బొమ్మలన్నీ మాయమై, నల్లటి తెర మీద ‘లాగిన్’ అనే మాట వస్తుంది. ఇది అక్షరాలతో మాత్రమే నడిచే కన్సోల్. గ్రాఫిక్స్‌తో దీనికి పెద్దగా పని లేదు కాబట్టి డిస్‌ప్లే మేనేజర్ పడిపోయినా ఇది సాధారణంగా పనిచేస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు కొత్తవారిని కంగారుపెడతాయి. మొదటిది, తెర మీద కనిపించే పూర్తి పేరు కాకుండా, ఇన్‌స్టాల్ చేసినప్పుడు పెట్టుకున్న లాగిన్ పేరు ఇవ్వాలి. రెండోది, పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పనిచేయడం లేదని అనుకోకుండా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కాలి.

లోపలికి వెళ్లగలిగితే పెద్ద భయం తీరినట్టే. ఖాతా ఉంది, పాస్‌వర్డ్ సరైనదే. ‘ఎల్ఎస్’ అని కొడితే ఫోల్డర్ల పేర్లు కనిపిస్తాయి. ఇక్కడ ఆదేశాలను పలికే తీరులో రాసినా, కంప్యూటర్‌లో వాటిని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. మళ్లీ లాగిన్ తెరకు రావడానికి ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1. మింట్‌లో ఎఫ్1కు బదులు ఎఫ్7.

మొదటి అనుమానం డిస్కు మీదే

కన్సోల్‌లో మొదట ఇవ్వాల్సిన ఆదేశం ‘డీఎఫ్’. దాని పక్కన ఖాళీ వదిలి అడ్డగీత, హెచ్ చేర్చాలి. ఏ డిస్కు ఎంత నిండిందో శాతాల్లో చూపిస్తుంది. ‘/’ గుర్తు ఉన్న వరుసలోనో, ‘హోమ్’ వరుసలోనో 100 శాతం అని ఉంటే కారణం దొరికినట్టే.

సెషన్ మొదలవ్వాలంటే చిన్న చిన్న ఫైళ్లు రాయాలి. చోటు లేకపోతే అది మొదలైన వెంటనే కూలిపోతుంది, లాగిన్ తెర తిరిగొస్తుంది. కన్సోల్‌కు ఆ ఫైళ్ల అవసరం లేదు కాబట్టి అది తెరుచుకుంటుంది. పైగా లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థ డిస్కులో 5 శాతం చోటును మామూలుగా ‘రూట్’ కోసం, అంటే నిర్వాహకుడి కోసం పక్కన పెడుతుంది. మరమ్మతు చేయడానికి ఆ చోటు అక్కరకొస్తుంది.

ఉబుంటు, మింట్, డెబియన్‌లలో ‘సుడో ఆప్ట్ క్లీన్’ అనే ఆదేశం పాత ఇన్‌స్టలేషన్ ప్యాకెట్లను తొలగించి కొంత చోటు ఇస్తుంది. సొంత ఫైళ్ల జోలికి వెళ్లదు కాబట్టి దీనితో భయం లేదు. చాలకపోతే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని పెద్ద సినిమా ఫైలో, అవసరం తీరిన సాఫ్ట్‌వేర్ ఫైలో తీసేస్తే సరిపోతుంది. లోపలికి వెళ్లాక తీరిగ్గా మిగతాది సర్దుకోవచ్చు.

సొంత ఫైలుకే పరాయి యజమాని

రెండో పెద్ద కారణం ఫైళ్ల యాజమాన్యం మారిపోవడం. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటారు. ఎవరో చెప్పారని బొమ్మలతో నడిచే ప్రోగ్రామ్‌ను ‘సుడో’తో తెరిస్తే, హోమ్ ఫోల్డర్‌లోని కొన్ని సెట్టింగుల ఫైళ్లు రూట్ పేరు మీదకు వెళ్లిపోవచ్చు. తర్వాత అసలు మనిషి లాగిన్ అవ్వబోతే, తన ఫైలులోనే తనకు రాసే హక్కు ఉండదు.

లైట్‌డీఎం వాడే మింట్ లాంటి వాటిలో తరచుగా దొరికే దోషి ‘ఎక్స్‌అథారిటీ’ అనే ఫైలు. దాని పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కనిపించదు. ‘ఎల్ఎస్’ పక్కన అడ్డగీత పెట్టి ఎల్, ఏ అక్షరాలు చేరిస్తే దాగున్న ఫైళ్లు కూడా యజమాని పేరుతో కనిపిస్తాయి. వాడుకరి పేరు ఉండాల్సిన చోట ‘రూట్’ అని ఉంటే ‘ఎంవీ’ ఆదేశంతో ఆ ఫైలు పేరు మార్చాలి. తర్వాతి లాగిన్‌లో వ్యవస్థే కొత్తది సృష్టించుకుంటుంది. తొలగించే బదులు పేరు మార్చడం మేలు. పొరపాటైతే వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంటర్నెట్‌లో కొందరు ఇచ్చే సలహాతో ఇక్కడ జాగ్రత్త పడాలి. అన్ని ఫైళ్లకూ ‘777’ అనుమతి ఇచ్చేస్తే సరిపోతుందంటారు. అంటే ప్రతి ఫైలునూ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. దాంతో భద్రత పోతుంది. కొన్ని ప్రోగ్రాములైతే అంత బాహాటంగా ఉన్న ఫైళ్లను నమ్మక పనిచేయడమే మానేస్తాయి.

తప్పు మనిషి ఖాతాలోనా, యంత్రంలోనా?

ఇంకా కారణం తేలకపోతే ఒక తేలికైన పరీక్ష ఉంది. ఉబుంటు, డెబియన్ కుటుంబంలో ‘సుడో యాడ్‌యూజర్’ ఆదేశంతో కొత్త ఖాతా సృష్టించి, దానితో లాగిన్ తెర నుంచి ప్రయత్నించాలి. కొత్త ఖాతాకు డెస్క్‌టాప్ వస్తే యంత్రం బాగానే ఉంది, దోషం పాత ఖాతా సెట్టింగుల్లోనే ఉంది. కొత్త ఖాతాకూ రాకపోతే దోషం వ్యవస్థ మొత్తానికి చెందినది.

దానికంటే ముందే చేయగలిగిన ఇంకో పరీక్ష కూడా ఉంది. లాగిన్ తెర మూలలో ఉండే చక్రం గుర్తును నొక్కితే వేరే రకం సెషన్ ఎంచుకునే వీలుంటుంది. ఉబుంటులో కొన్నిసార్లు వేలాండ్ పద్ధతిలో రానిది ఎక్స్ పద్ధతిలో వస్తుంది, లేదా ఎక్స్‌లో రానిది వేలాండ్‌లో వస్తుంది. ఏ రకాలు కనిపిస్తాయన్నది వెర్షన్‌ను బట్టి ఉంటుంది.

తెర నల్లగా ఉండిపోతే?

అప్‌డేట్ చేసిన మర్నాడు లాగిన్ తెరే రాకపోతే కెర్నల్‌కూ గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ పొత్తు కుదరలేదని అనుమానించాలి. ఎన్విడియా కార్డులున్న యంత్రాల్లో ఇది ఎక్కువ. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఎస్కేప్ కీ, పాత యంత్రాల్లో షిఫ్ట్ కీ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్తే పాత కెర్నల్ కనిపిస్తుంది. దానితో మొదలుపెట్టి చూడాలి. నిన్నటిదాకా పనిచేసినదే కాబట్టి ఎక్కువసార్లు ఇది గట్టెక్కిస్తుంది. డ్రైవర్‌ను తర్వాత మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

మన దగ్గర ఇంకో కారణం కరెంటు. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే కొన్ని ప్యాకేజీలు అరకొరగా మిగిలిపోతాయి. కన్సోల్‌లో ‘సుడో డీపీకేజీ’ రాసి, రెండు అడ్డగీతలతో ‘కాన్ఫిగర్’, ఒక అడ్డగీతతో ‘ఏ’ చేరిస్తే ఆగిన పని కొనసాగుతుంది. కరెంటు కోతతో డిస్కులో లోపం తలెత్తితే, మరింత నష్టం జరగకుండా లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే అనుమతించే స్థితిలో పెట్టవచ్చు. ఏమీ రాయలేని ఆ స్థితిలోనూ లాగిన్ లూప్ వస్తుంది. అప్పుడు గ్రబ్‌లోని రికవరీ మోడ్ నుంచి డిస్కు తనిఖీ చేయించాలి. అదే పదేపదే జరుగుతుంటే డిస్కు ఆయుష్షు తీరుతోందని అర్థం.

ఏ కారణమూ తోచకపోతే యంత్రాన్నే అడగొచ్చు. ‘జర్నల్‌సీటీఎల్’ పక్కన అడ్డగీత, బీ అక్షరం చేర్చి కొడితే ఈసారి ఆన్ చేసినప్పటి నుంచి జరిగినదంతా వరుసగా వస్తుంది. లాగిన్ విఫలమైన నిమిషం దగ్గరి వరుసలు చదివితే చాలు. ‘చోటు లేదు’, ‘అనుమతి లేదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటలు అక్కడ కనిపించే అవకాశం ఉంది. ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసి తెలిసినవారికి పంపితే, ‘లాగిన్ అవ్వడం లేదు’ అని చెప్పడం కంటే చాలా మేలు.

ఫార్మాట్‌కు ముందు ఒక్క పని

ఇవేవీ ఫలించకపోయినా డేటా పోయినట్టు కాదు. ఇంకో కంప్యూటర్‌లో ఉబుంటునో మింట్‌నో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో ఈ యంత్రాన్ని మొదలుపెట్టవచ్చు. ‘ఇన్‌స్టాల్’ కాకుండా ‘ట్రై’ ఎంచుకుంటే డిస్కు జోలికి పోకుండా డెస్క్‌టాప్ వస్తుంది. పాత డిస్కును తెరిచి, కావాల్సినవన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే ఆ పాస్‌వర్డ్ మాత్రం గుర్తుండాలి.

ఇదే దారిలో డిస్కు చేతికి చిక్కిన మరొకరు కూడా లోపలికి రాగలరు. ఎన్‌క్రిప్ట్ చేయని డిస్కులోని ఫైళ్లను లాగిన్ పాస్‌వర్డ్ కాపాడదు. అందుకే ఆఫీసు కంప్యూటర్‌నో, కుటుంబ ఫొటోలున్న ల్యాప్‌టాప్‌నో షాపులో వదిలేసి వచ్చే ముందు, కన్సోల్‌లో పది నిమిషాలు వెచ్చించి చూడాలి. అప్పటికీ ఇవ్వక తప్పకపోతే కాపీ తీసుకున్నాకే ఇవ్వాలి. ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడిగితే, డిస్కులో చోటు ఎంతుందో, హోమ్ ఫోల్డర్ యజమాని ఎవరో చూశారా అని తిరిగి అడగొచ్చు.