తాళము గల వైఫైలో ల్యాప్‌టాప్ చేరకున్నచో

మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములందు ఇప్పుడనేక గృహములలో రూటరు పెట్టె గోడకు వ్రేలాడుచున్నది. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును ప్రారంభించిరి. విద్యుత్ స్తంభముల మీదుగా గాజుతీగలు పల్లెలకును ప్రాకినవి. అయినను పెట్టెలో దీపములు వెలుగుచుండగనే పిల్లవాని ల్యాప్‌టాప్ మాత్రము చేరనని మొరాయించుట కలదు. మరునాడే దరఖాస్తునకు గడువు ముగియనున్నచో ఇంటివారి ఆందోళన చెప్పనలవి గాదు. ఆ తొందరలో కొందరు పాస్‌వర్డునే తీసివేసి వైఫైని తెరచి విడుతురు. ఇది తగదు. దోషమెచ్చట నున్నదో క్రమముగా కనుగొనిన చాలును. తాళము తీయవలసిన పని యుండదు.

మొదట ఈ తాళము పనిచేయు విధమును గ్రహింపవలెను. ల్యాప్‌టాప్ మన పాస్‌వర్డును గాలిలో పంపునని పలువురు తలంతురు. అట్లు కాదు. ఒకే లెక్కను ఇద్దరు విద్యార్థులు వేరువేరు గదులలో చేసి, తుదకు సమాధానములను మాత్రము సరిచూచుకొనినట్లు, రూటరును ల్యాప్‌టాప్‌యును తమ యొద్దనున్న పాస్‌వర్డుతో గణనము చేసి, ఫలితమును పోల్చుకొనును. నేడు విరివిగా వాడబడు డబ్ల్యు.పి.ఎ.2 పద్ధతిలో పాస్‌వర్డును వైఫై పేరుతో కలిపి 4096 మారులు మథించి తాళపుచెవిని తయారుచేయుదురు. పిమ్మట నాలుగు సందేశములతో పరస్పర పరీక్ష జరుగును. ఒక్క అక్షరము తప్పినను సమాధానము పూర్తిగా మారిపోవును. ఏ యక్షరము తప్పినదో రూటరునకు తెలియదు. కావుననే యంత్రము కారణము చెప్పక "కనెక్ట్ కాలేదు" అని మాత్రమే పలుకును. ఆ కారణమును మనమే వెదకవలెను.

ముందుగా ఇంటిలోని ఫోనును అదే వైఫైలో చేర్చి చూడుడు. ఫోనును చేరకున్నచో దోషము రూటరునందును, ఫోను చేరి ల్యాప్‌టాప్ చేరకున్నచో దోషము ల్యాప్‌టాప్‌నందును ఉండుట సాధారణము. తరువాత ఏ మెట్టున ఆగినదో చూడవలెను.

మొదటి మెట్టు: వైఫై పేరే కనబడకుండుట. ల్యాప్‌టాప్‌లో వైఫై మీట ఆగియున్నదా, విమానపు గుర్తు వెలుగుచున్నదా యని చూడుడు. పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములనే వినగలవు. రూటరు 5 గిగాహెర్ట్‌జ్‌పై మాత్రమే పలుకుచున్నచో వానికది లేనట్లే. 5 గిగాహెర్ట్‌జ్ తరంగములు మన రాతిగోడలను, కాంక్రీటు కప్పులను దాటుటలో బలహీనములు. రూటరును ఇనుప బీరువా చాటున నుంచరాదు.

రెండవ మెట్టు: పేరు కనబడినను పాస్‌వర్డు చెల్లకుండుట. పాస్‌వర్డునకు 8 మొదలు 63 వరకు అక్షరములుండవచ్చును. పెద్ద అక్షరమునకును చిన్న అక్షరమునకును భేదము కలదు. సున్నకును ఓ అక్షరమునకును పొరపాటు పడుట సులభము. కంటి గుర్తును నొక్కి, వ్రాసినదానిని చదువుకొనుడు. మీటల పలక తెలుగునకు మారియున్నచో ఆంగ్లాక్షరములు పడవు. దానిని ఆంగ్లమునకు త్రిప్పుడు. రూటరు పాస్‌వర్డును ఇంతకుముందు మార్చియున్నచో, ల్యాప్‌టాప్ పాతదానినే జ్ఞాపకముంచుకొని పదేపదే వాడుచుండవచ్చును. అప్పుడు ఆ వైఫై పేరుపై "ఫర్గెట్" అను ఆజ్ఞ నిచ్చి, క్రొత్తగా చేర్చవలెను.

మూడవ మెట్టు: పాస్‌వర్డు సరియైనను చేరకుండుట. ఇచ్చట తాళపు జాతి విచారింపదగినది. 1997లో వచ్చిన డబ్ల్యు.ఇ.పి. తాళమును 2001లో పండితులు ఛేదించిరి. పిదప 2003లో డబ్ల్యు.పి.ఎ., 2004లో డబ్ల్యు.పి.ఎ.2, 2018లో డబ్ల్యు.పి.ఎ.3 వచ్చినవి. రూటరు మూడవదానినే కోరుచుండ, పాత ల్యాప్‌టాప్‌నకు రెండవది మాత్రమే తెలిసియున్నచో వారిరువురికిని పొత్తు కుదరదు. రూటరు అమరికలలో రెండును కలసిన పద్ధతి నెంచుకొనినచో తాళమును నిలుచును, ల్యాప్‌టాప్‌ను చేరును. వైఫై కార్డు డ్రైవరును తాజాపరచుటయు మేలు. డబ్ల్యు.ఇ.పి.ని మాత్రము ఎన్నడును ఎంచుకొనరాదు.

నాలుగవ మెట్టు: చేరినను అంతర్జాలము రాకుండుట. ల్యాప్‌టాప్ చిరునామా 169.254 అను అంకెలతో ఆరంభమైనచో, రూటరు దానికి చిరునామా నీయలేదని యర్థము. రూటరును ఆపి, అర నిమిషము తాళి, మరల వెలిగింపుడు. పెట్టెపై ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎఱ్ఱగా నున్నచో గాజుతీగలో వెలుగు రాకున్నది; సేవాసంస్థకు తెలుపుట తప్ప ఇంట చేయదగినది లేదు. ల్యాప్‌టాప్ గడియారము తప్పియున్నను భద్రత గల పుటలు తెరచుకొనవు, తేదీని సరిదిద్దవలెను.

ఇక తాళము తీసివేయుట యేల తగదో వినుడు. 2008 జూలై 26వ తేదీన అహమ్మదాబాదు ప్రేలుళ్లకు కొలది నిమిషముల ముందు పత్రికా కార్యాలయములకు ఒక బెదిరింపు ఈ-మెయిలు వచ్చినది. దాని జాడ నవీ ముంబయిలోని ఒక విదేశీయుని ఇంటి వైఫైకి చేరినది. పరులు ఆయన వైఫైని వాడుకొనిరి గాని ఆ దుష్కృత్యముతో ఆయనకు సంబంధము లేదు. అయినను పోలీసువారు మొదట తట్టినది ఆయన తలుపునే. తెరచిన వైఫైలో ఎవరేమి చేసినను మొదటి ప్రశ్న ఇంటి యజమానునికే వచ్చునని తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలెను.

విద్యార్థులారా, ఒకమారు ఒక్క అమరికనే మార్చుడు. మార్చినదానిని కాగితముపై వ్రాసికొనుడు. ఫలితము చూచిన పిమ్మటనే రెండవదానికి పొండు. ఇట్లు చేసినచో ఏ మార్పు పనిచేసినదో మీకు తెలియును, చెడినదానిని వెనుకకు మరల్చుటయు సాధ్యమగును. పొరుగింటివారికి ఇదే కష్టము వచ్చినపుడు ఆ కాగితము వారికిని ఉపకరించును.