కుట్టు నేర్చుకుంటే తలనొప్పి వస్తోందా?

పిల్లలు కాస్త పెద్దవాళ్లై, చేతికి తీరిక చిక్కాక "ఇప్పుడైనా ఎంబ్రాయిడరీ నేర్చుకుందాం" అని సూది పట్టే గృహిణులు చాలామంది ఉన్నారు. వారం తిరక్కుండానే తలనొప్పి, కళ్లు లాగడం, మెడ పట్టెయ్యడం మొదలవుతాయి. "ఈ వయస్సులో నాకెందుకొచ్చిన కుట్లు!" అని ఫ్రేమును అటక ఎక్కించేస్తారు. మా ఓ.పి.లో ఈ మాట తరచు వింటూ ఉంటాను. తొందరపడి అటక ఎక్కించకండి. చాలాసార్లు కావలసింది ఒక కళ్లజోడు మాత్రమే.

కొత్తగా నేర్చుకునేవారికి గొలుసుకుట్టు మంచిది. చెయిన్ స్టిచ్ అంటారే, అదే. ఆరు పోగుల దారంలోంచి రెండో మూడో పోగులు విడదీసి, మూరెడు మించకుండా తీసుకోండి. దారం పొడుగైతే చిక్కుపడుతుంది. పైగా ప్రతిసారీ చెయ్యి బారగా చాపి భుజం నొప్పి తెచ్చుకుంటారు. సూదిని గుడ్డ అడుగునుంచి పైకి తీసి, దారాన్ని ఉచ్చులా వంచి ఎడమ బొటనవేలితో అదిమిపట్టండి. పైకి వచ్చిన రంధ్రంలోనే సూదిని మళ్లీ దింపి, పెసరగింజంత ముందు మొన తేల్చండి. ఉచ్చు మొన కిందుగా ఉండాలి. మెల్లగా లాగితే ఒక రింగు తయారవుతుంది. తర్వాతి కుట్టు ఆ రింగు లోపలినుంచే మొదలవుతుంది. చివరి రింగు జారిపోకుండా దానిమీద చిన్న టాకా వెయ్యండి.

"అదే రంధ్రంలో" అన్నాను చూశారా, కంటికి పని పడేది అక్కడే. మన కంటిలో ఒక కటకం ఉంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు అది ఉబ్బుతుంది, దూరం చూసేటప్పుడు పలచబడుతుంది. నలభయ్యేళ్లు దాటేసరికి అది గట్టిపడి, మునుపటిలా ఉబ్బలేదు. దీనినే చత్వారం అంటాం. ఆ పేరులోనే నలభై ఉంది. జుట్టు నెరవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. సూదిలో దారం పిల్లలచేత ఎక్కించుకోవడం దీనికి తొలి గుర్తు. కళ్లజోడు పెడితే చూపు ఇంకా తగ్గిపోతుందన్నది వట్టి అపోహ. పెట్టుకోకపోయినా చత్వారం పెరిగేది పెరుగుతూనే ఉంటుంది.

బజార్లో దొరికే జోడు తెచ్చుకోవడం కంటే ఒకసారి కంటి డాక్టరుకు చూపించుకోవడం మేలు. రెండు కళ్లకూ ఒకే నంబరు ఉండకపోవచ్చు. నీటికాసులు, మధుమేహం వల్ల కంటికి వచ్చే చెరుపు కూడా ఆ పరీక్షలోనే బయటపడతాయి. వెళ్లేముందు ఒక పని చెయ్యండి. మీరు కుట్టేటప్పుడు కంటికీ ఫ్రేముకూ ఎన్ని అంగుళాల దూరం ఉంటుందో టేపుతో కొలిచి, డాక్టరుకు చెప్పండి. పదహారు అంగుళాల దూరంలో పుస్తకం చదవడానికి సరిపోయే నంబరు, పన్నెండు అంగుళాల దూరంలో కుట్టడానికి చాలకపోవచ్చు. ఈ చిన్న విషయం చెప్పనందువల్లే "జోడు పెట్టినా తలనొప్పి తగ్గలేదు" అనేవారు ఎందరో!

కుడిచేతితో కుట్టేవారికి వెలుతురు ఎడమవైపునుంచి రావాలి. నల్లగుడ్డ పనిని పగటికే ఉంచుకోండి. ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి, కిటికీలోంచి దూరాన ఉన్న చెట్టును కాసేపు చూడండి. అయితే కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది కుట్టువల్ల వచ్చిన అలసట అనుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎడమ బొటనవేలు మొదట్లో నొప్పి పుడితే ఉచ్చును మరీ గట్టిగా అదుముతున్నారన్నమాట. ఫ్రేమును బల్ల అంచుకు ఆనించుకోండి. రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తూంటే మాత్రం మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూపించుకోవాలి. వాతమని నూనె రాసుకుంటూ నెలలు గడపవద్దు.

ఇక సూదులు. పెదవులమధ్య పట్టుకునే అలవాటు ఉంటే ఇవాళే మానండి. ఒక్క తుమ్ము చాలు, గొంతులోకి జారడానికి. లేచేముందు సూదులు లెక్కపెట్టుకోండి. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్లుంటే ఇది మరీ ముఖ్యం. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి సూది దిగినా తెలియదు. చీము పట్టాక గాని వైద్యుడి దగ్గరకు రారు. సూది కాలిలో విరిగితే పిన్నుతో కెలకకండి. ఆ కాలిమీద బరువు వెయ్యకుండా, మిగిలిన ముక్క చేతపట్టుకుని ఆసుపత్రికి రండి. లోపలి ముక్క ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ధనుర్వాతం టీకా ఆఖరుసారి ఎప్పుడు వేయించుకున్నారో కూడా అక్కడ చెప్పండి.