పాత జీపుకి డీజిల్ ఇంజనా? బంగారం తాకట్టు పెట్టేముందు ఒక్కమాట!

తునిలో మామిడికాయల సీజను వచ్చిందంటే చాలు, మూలనున్న బండ్లకి కూడా ప్రాణం లేచొస్తుంది. తోటలో కాయ కోయించాలి, బుట్టలు మార్కెట్టుకి చేరాలి, కూలీలకి భోజనాలు వెళ్లాలి. కోటనందూరు, రౌతులపూడి వైపు మట్టిదారుల్లో కారేం పనికొస్తుంది? అప్పుడు గుర్తొస్తుంది, పాకలో టార్పాలిన్ కింద నిద్రపోతున్న మావగారి కాలం నాటి పెట్రోలు జీపు!

"ఏమోయ్, దీనికి డీజిల్ ఇంజను వేయించేద్దాం. కొత్త బండి కొన్నట్టే ఉంటుంది" అంటారు శ్రీవారు. "ఎంతవుతుందండీ?" అని అడిగితే "ఎంతో కాదులే, నీ గొలుసు ఓ ఏడాది బ్యాంకులో ఉంటే సరి" అని జవాబు. అదిగో, అక్కడితో ఇంజను సంగతి కాస్తా మన సంగతైపోతుంది! మగవాళ్ల గోల మనకెందుకని వంటింట్లోకి వెళ్లిపోకండి. ఈ నాలుగు ముక్కలూ తెలుసుకుని, ఆ తరవాత గొలుసు తీయాలో వద్దో మీరే తేల్చండి.

ఈ మోజు ఎక్కడిది?

మన దేశంలో జీపుల కథ 1940ల చివర్లో మొదలైంది. అమెరికాలోని విల్లీస్ కంపెనీ నుంచి విడిభాగాలు తెప్పించి, మహీంద్రావారు బొంబాయిలో బిగించి అమ్మేవారు. ఆ తరవాత ఇక్కడే తయారుచేశారు. సీజే 3బీ రకం పాత జీపుల్లో ఉండేది సుమారు 2.2 లీటర్ల 'హరికేన్' పెట్రోలు ఇంజను. పేరుకి తగ్గ జోరు, జోరుకి తగ్గ దాహం!

పెట్రోలు ధర మండిపోతుంటే కంపెనీవారే డీజిల్ దారి పట్టారు. ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ నుంచి 1979లో ఎక్స్‌డీపీ 4.90 అనే డీజిల్ ఇంజనుకి లైసెన్సు తీసుకున్నారు. 1980లలో వచ్చిన ఎంఎం 540 జీపుకి బిగించింది ఈ ఇంజనునే. కంపెనీవారే మార్చాక మెకానిక్ షెడ్లవాళ్లు ఊరుకుంటారా? పాత పెట్రోలు జీపులు ఒక్కొక్కటే షెడ్డులోకి వెళ్లి డీజిల్ జీపులై బయటికొచ్చాయి. అప్పట్లో డీజిల్ ధర పెట్రోలు కంటే బాగా తక్కువ కాబట్టి పెట్టిన డబ్బు తొందరగానే తిరిగొచ్చేది.

ఇప్పుడు ఆ రోజులు లేవు. 2010లో పెట్రోలు మీద, 2014లో డీజిల్ మీద ప్రభుత్వ ధరల అదుపు ఎత్తేశారు. రెండింటి మధ్య తేడా బాగా తగ్గిపోయింది. "మా నాన్నగారు చేయించారు, బోలెడు మిగిలింది" అన్న మాట ఈ రోజు లెక్కకి సరిపోదన్నమాట.

ఇంజను తీసి ఇంజను పెట్టడమేనా?

పెట్రోలు ఇంజను మన గ్యాసు పొయ్యి లాంటిది. లైటరు నొక్కితే మంట వచ్చినట్టు, ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తే మండుతుంది. డీజిల్ ఇంజనుకి లైటరు ఉండదు. సైకిల్ పంపు గబగబా కొడితే కింద గొట్టం వేడెక్కడం చూశారు కదా! అలాగే గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకునేలా చేస్తారు. పాత పెట్రోలు జీపులో గాలిని ఏడో వంతుకి నొక్కితే, డీజిల్ ఇంజనులో సుమారు ఇరవయ్యో వంతుకి నొక్కుతారు. ఆ ఒత్తిడికి తట్టుకోవాలంటే ఇంజను దిట్టంగా ఉండాలి. దిట్టమంటే బరువు, బరువుతోపాటు అదురు.

ఇక్కడే ఖర్చుకి కాళ్లొస్తాయి. ముందు బరువు పెరిగితే కమాన్ పట్టీలు మార్చాలి. అదురుకి ఛాసిస్ పగలకుండా మౌంటింగులు కొత్తగా చేయించాలి. ఈ ఇంజను ఆ గేరుబాక్సుకి అతకదు కాబట్టి లేతు షాపులో మధ్య ప్లేటు చేయించాలి, క్లచ్చు సరిచూడాలి. రేడియేటరు చాలకపోతే పెద్దది కావాలి. సెల్ఫు తిప్పడానికి బలమైన బ్యాటరీ కావాలి. మిగిలిపోయిన డీజిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లడానికి వేరే గొట్టం కావాలి. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనంత వేగంగా తిరగదు. వెనక క్రౌను, పినియను పాతవే ఉంచేస్తే, హైవే ఎక్కి కాస్త వేగం అందుకోగానే గోలపెడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. బూస్టరు ఉన్న బండికి పెట్రోలు ఇంజనే గాలి లాగి కాలికి సాయం చేస్తుంది. డీజిల్ ఇంజను ఆ పని చేయదు, విడిగా వాక్యూమ్ పంపు ఉండాలి. అది మరిచిపోతే కొండ దిగేటప్పుడు పెడలు రాయిలా బిగుసుకుంటుంది. బూస్టరు లేని పాత జీపైతే పెరిగిన బరువంతా ఆ పాత బ్రేకులే ఆపాలి. అందులో కూర్చునేది మన పిల్లలే!

పద్దుపుస్తకం తీయండి

లెక్క కోసం ఇలా అనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిల్ 98. జీపు పెట్రోలుకి 8 కిలోమీటర్లు, డీజిల్‌కి 12 ఇస్తుంది. నెలకి 300 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు ఖర్చు 4,125 రూపాయలు, డీజిల్ ఖర్చు 2,450. మిగిలేది 1,675.

మార్పిడికి మొత్తం 2 లక్షలైందనుకోండి. నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకి 2,000. చూశారా, మిగిలిన దానికంటే వడ్డీయే ఎక్కువ! అసలు తీరే దారే లేదు. అదే తోట పని మీద నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగే బండైతే 8,375 మిగులుతుంది. వడ్డీ పోగా సుమారు రెండున్నరేళ్లకి అసలు వచ్చేస్తుంది. మీ బండి తిరిగే దూరం, మీ ఊరి ధరలు వేసి మీరే చూసుకోండి. ఆదివారం షికార్లకి తిరిగే జీపుకి మాత్రం ఉన్న ఇంజనునే బాగుచేయించుకోవడం మేలు.

బ్రేకు ఆఫీసు మాట

షెడ్డువాడు "కాగితాలదేముందమ్మా, తరవాత చూసుకుందాం" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆర్సీలో ఇంజను నంబరు, ఇంధనం రెండూ రాసి ఉంటాయి. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతిలేని మార్పుకి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

అందుకని ముందు బ్రేకు ఆఫీసులో దరఖాస్తు పెట్టి, ఈ ఇంజను ఈ బండికి ఒప్పుకుంటారా లేదా కాగితం మీద తేల్చుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ ఆలోచన అక్కడితో మానెయ్యాలి. ఒప్పుకుంటే, ఇంజను మార్చాక కొత్త వివరాలు ఆర్సీలోకి ఎక్కించుకోవాలి. బండి మీద ఫైనాన్సు ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం కూడా కావాలి. ఇన్సూరెన్సు కంపెనీకీ చెప్పాలి. రేపు కర్మం చాలక ఏదైనా జరిగితే, పాలసీలో ఒక నంబరు, బండిలో ఒక నంబరు ఉంటే డబ్బు రావడం కష్టం.

ఇంకో సంగతి. చాలా ఇళ్లలో జీపు ఇంకా కాలం చేసిన మావగారి పేరు మీదే ఉంటుంది. ముందు ఫారం 31 పెట్టి వారసుల పేరుకి మార్పించండి. వారసుల్లో అత్తగారూ ఉంటారు, ఆడపడుచులూ ఉంటారు. వాళ్లకి చెప్పకుండా చేస్తే ఇంజనుకంటే ముందు ఇల్లు వేడెక్కుతుంది! ఆర్సీ గడువు కూడా చూడండి. 15 ఏళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి.

అడ్వాన్సు ఇచ్చేముందు అడగండి

* ఇంజను ఏ బండిలోది? బిల్లు ఉందా? ఆ బండి ఆర్సీ కాపీ ఇస్తారా? నంబరు చెరిపేసిన ఇంజనైతే ఉచితంగా ఇచ్చినా వద్దు.

* కమాన్లు, క్లచ్చు, రేడియేటరు, బ్యాటరీ, లేతు పని అన్నీ కలిపి రేటు ఎంత? నోటిమాట కాదు, కాగితం మీద రాసివ్వాలి.

* బ్రేకులకి ఏం చేస్తున్నారు? విడిగా రాయించండి.

* తీసేసిన పెట్రోలు ఇంజను ఎవరిది? అది మీ ఆస్తి. ఇంటికి తెచ్చుకోండి, లేదా ధర కట్టించుకోండి.

* లోడుతో కొండదారిలో ఒకసారి నడిపి చూపిస్తారా? అది చూశాకే చివరి బాకీ ఇస్తామనండి.

మన వైపు బండికి ఏ శుభకార్యమైనా తలుపులమ్మ లోవలోనే కదా! కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అక్కడే వండుకుని భోంచేసి రావడం మన ఆనవాయితీ. తప్పకుండా వెళ్లిరండి. కాకపోతే బ్రేకు ఆఫీసు కాగితం చేతికొచ్చాక, బ్రేకులు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాక బయల్దేరండి. అమ్మవారి దయకి మన జాగ్రత్త కూడా తోడైతే దిగులుండదు!