నార్వే దేశమున పరిశోధక పదవులు

పై చదువునకై పరదేశమునకు పోవుట యనగానే మన యిండ్లలో మొదట వినవచ్చు మాట అప్పు. పొలమో పుట్రయో తాకట్టు పెట్టక తప్పదని తల్లిదండ్రులు తలంతురు. ఆ భయముచేతనే ఎం.ఎస్సీ. ముగించిన పెక్కుమంది బాలికల చదువు అచ్చటనే ఆగిపోవుచున్నది. డాక్టరు పట్టము విషయమున నార్వే దేశపు పద్ధతి వేరు. దానిని సోదరీమణులకు తెలుపుట మేలని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ దేశమున డాక్టరు పట్టమునకు పరిశోధించువారు చాలవరకు విద్యార్థులు గారు, ఉద్యోగులు. విశ్వవిద్యాలయమే వారిని నియమించి నెలనెల జీతమిచ్చును. ఐరోపాకు వెలుపలినుండి వచ్చు బి.ఏ., ఎం.ఏ. విద్యార్థులకు 2023లో రుసుము విధించిరి గాని, ఈ పదవులలోని వారికి అది లేదు. నియామకము మూడేండ్లకు, కాలములో నాలుగవ వంతు బోధనాది పనులకు వినియోగింపవలసియున్నచో నాలుగేండ్లకు.

ఉద్యోగమగుటచేత ఖాళీ ప్రకటింపబడినపుడే దరఖాస్తు పెట్టవలయును. ఓస్లో, బెర్గెన్, ట్రోన్‌హైమ్, ట్రోమ్సో నగరముల విశ్వవిద్యాలయములు తమ ప్రకటనలను 'జాబ్‌నార్గె' అను అంతర్జాల పత్రమున ఉంచును. ఎం.ఏ., ఎం.ఎస్సీ. వంటి పట్టము ఆవశ్యకము. పట్టములు, మార్కుల పట్టికలు, సిద్ధాంతవ్యాసము, మన పనిని ఎరిగిన ఆచార్యుల పేర్లు సామాన్యముగా అడుగుదురు. కొన్ని పదవులకు పరిశోధన విషయము ముందే నిర్ణయింపబడియుండును. కొన్నింటికి మనమే ప్రణాళిక వ్రాసి పంపవలయును. కావున ఒకే జాబును పది చోట్లకు పంపుట వ్యర్థము. ఆ ప్రకటనలో కోరిన పనికి మనమేల తగుదుమో ఆ జాబులో కనబడవలెను.

వచ్చిన దరఖాస్తులను నిపుణుల సంఘము పరిశీలించి యోగ్యతానుసారము వరుస నిర్ణయించును. పిమ్మట కొందరితో సంభాషణము జరుపుదురు. దరఖాస్తునకు రుసుము లేదు. డబ్బు పుచ్చుకొని చోటిప్పించెదమను మధ్యవర్తుల చేతిలో ఈ పదవులు లేవు; వారిని గడప దాటనీయకుడు.

వివాహితలకు మరియొక విశేషము కలదు. ప్రసవమునకై సెలవు తీసికొన్న యెడల ఆ కాలమును నియామకమునకు కలిపి పొడిగింతురు. భర్తయు బిడ్డలును వెంట వచ్చుటకు అనుమతి కోరవచ్చును. ఆ దేశమున స్త్రీలకును ఈ దారి ఒకనాడు కొత్తదే. క్లారా హోల్స్ట్ అను భాషాశాస్త్రజ్ఞురాలు 1903లో అచ్చట డాక్టరు పట్టము పొందిన తొలి మహిళ. 1912లో క్రిస్టీనె బొన్నెవీ తొలి మహిళాచార్యురాలయ్యెను.

కష్టములు లేవని మేము చెప్పము. పోటీ మిక్కుటము. వెల లెక్కువ. అద్దె యింటికి మూడు నెలల అద్దె ధరావతుగా అడుగుట సామాన్యము గనుక, మొదటి జీతము వచ్చువరకు కొంత సొమ్ము చేతనుండవలెను. ట్రోమ్సోలో నవంబరు చివరనుండి జనవరి నడుమవరకు సూర్యుడే ఉదయింపడు.

అయినను, బిడ్డ చదువునకు పొలము అమ్మవలెనా యని కలతపడు తల్లులు, ఇట్టి దారి యొకటి కలదని యెరిగి పిమ్మట నిర్ణయింతురుగాక. కుమార్తె పట్టములను పెట్టెలో భద్రపరచుటకు ముందు, ఆమె శాస్త్రమునకు తగిన ప్రకటన యేదైన వెలువడినదేమో, గడువెన్నడో ఆమెతో కూడ కూర్చుండి చూడుడని మా మనవి.