పగడపు దీవుల చెంత

దిండిగల్ పట్టణానికి ఆ పేరు తెచ్చినది అక్కడి కొండ. మైదానం మీద ఎవరో దిండు వేసినట్లుగా ఒంటరిగా నిలిచిన ఆ రాతిగుట్టను చూచి 'తిండుక్కల్' అని పిలిచారని చెబుతారు. తమిళంలో 'కల్' అంటే రాయి. 'తిండు' మన దిండే. మధుర నాయకరాజులు ఆ కొండ మీద కట్టించిన కోట నేటికీ ఉన్నది. ఎన్ని ఎండలు కాసినా, ఎన్ని వానలు కురిసినా ఆ రాయి చెక్కుచెదరలేదు.

మన జిల్లాకు ఆగ్నేయంగా, సముద్రంలో, మరొక రకమైన రాయి ఉన్నది. అది పెరుగుతుంది. ఆహారం తింటుంది. జబ్బు పడుతుంది. చనిపోతుంది కూడా. ఆ రాయి అండతో కొన్ని దీవులు నిలిచి ఉన్నాయి. అది చనిపోయిన చోట దీవులే మునిగిపోయాయి. అదే పగడపు రాయి. దానిని చూచి రావడానికి ఒక పగలు చాలు. చూడడం ఎలాగో మాత్రం ముందుగా నేర్చుకోవాలి.

దిండిగల్ నుండి మధుర, మానామధుర, పరమక్కుడి, రామనాథపురం మీదుగా మండపం చేరుకోవచ్చు. దూరం 200 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మండపం దాటగానే పాంబన్ వంతెన వస్తుంది. 1914లో ప్రారంభమైన పాత రైలు వంతెన మీద రాకపోకలు 2022 చివరలో ఆగిపోయాయి. దాని పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైనది.

వంతెన మీద నిలబడి చూస్తే రెండు వైపులా రెండు సముద్రాలు. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. నైరుతి గాలులు వీచే నెలల్లో మన్నార్ వైపు అలలు ఎగసిపడతాయి. ఈశాన్య గాలుల కాలంలో పాక్ వైపు అల్లకల్లోలంగా ఉంటుంది. మొత్తం మీద పాక్ అఖాతం నెమ్మదైనది. అందుకే అక్కడి వారు దానిని 'పెణ్ కడల్' అనీ, మన్నార్ వైపు నీటిని 'ఆణ్ కడల్' అనీ అంటారు. అంటే ఆడ సముద్రం, మగ సముద్రం అన్నమాట. పడవ ఎప్పుడు వెళ్ళాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది ఈ గాలులే. గాలి బాగాలేదని పడవ నడిపేవారు చెబితే వారితో వాదించకూడదు.

పాంబన్ నుండి తూత్తుకుడి వరకు తీరానికి సమాంతరంగా 21 చిన్న దీవులు వరుసగా ఉన్నాయని లెక్క. మండపం వద్ద 7, కీళక్కరై వద్ద 7, వేంబారు వద్ద 3, తూత్తుకుడి వద్ద 4. వీటి పేర్లు తమిళం తెలిసిన మనకు సులభంగా అర్థమవుతాయి. ఒకటి ముసల్ దీవి, అంటే కుందేలు దీవి. ఒకటి నల్లతణ్ణి, అంటే మంచినీరు. ఒకటి ఉప్పుతణ్ణి, అంటే ఉప్పునీరు. ఎక్కడ దాహం తీరుతుందో, ఎక్కడ తీరదో దూరం నుండి వచ్చే జాలరికి పేరే చెప్పేస్తుంది. ఆ పేర్లు పెట్టిన వారు ఎంత తెలివైనవారో చూడండి!

ఈ దీవుల చుట్టూ ఉన్న సుమారు 560 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1989లో ఇంకా విశాలమైన ప్రాంతాన్ని జీవావరణ రక్షణ ప్రాంతంగా గుర్తించారు. కనుక ఇక్కడ ఎవరికి తోచినట్లు వారు పడవ కుదుర్చుకొని ఏ దీవిలో పడితే ఆ దీవిలో దిగడానికి వీలు లేదు. అటవీశాఖ అనుమతించిన చోట్లకు మాత్రమే, వారు అనుమతించిన పడవలలో వెళ్ళాలి. అడుగున గాజుపలక అమర్చిన పడవలు కూడా కొన్నిచోట్ల ఉన్నాయి. పడవలో కూర్చుని కిందికి చూస్తే సముద్రపు అడుగు కనబడుతుంది.

పడవ దీవిని సమీపిస్తున్నప్పుడు నీటి రంగు మారడం గమనించవచ్చు. దూరాన ముదురు నీలం. తరువాత తెల్లని నురుగు గీత. ఆ గీత దాటగానే లేత పచ్చని నీరు. నురుగు కనిపించే చోట నీటి కింద పగడపు గోడ ఉన్నదని అర్థం. పెద్ద అలలు ఆ గోడకు తగిలి విరిగిపోతాయి. గోడకూ దీవికీ నడుమ నీరు లోతు తక్కువగా, నిలకడగా ఉంటుంది. ఇటువంటి నీటిని ఆంగ్లంలో లగూన్ అంటారు. మనం ఉప్పుకయ్య అనవచ్చు.

ఉప్పుకయ్యలను పూర్తి రూపంలో చూడాలంటే అరేబియా సముద్రంలోని లక్షద్వీపాలకు వెళ్ళాలి. అక్కడ పగడపు గోడ ఉంగరంలా చుట్టి ఉంటుంది, నడుమ నీరు ఉంటుంది. ఈ ఉంగరం ఎలా ఏర్పడుతుందో చార్లెస్ డార్విన్ 1842లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. సముద్రంలోని అగ్నిపర్వతం చుట్టూ మొదట పగడాలు పెరుగుతాయి. పర్వతం కొద్దికొద్దిగా కుంగిపోతుంది. పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉంటాయి. చివరకు పర్వతం కనుమరుగై, దాని చుట్టూ ఉన్న ఉంగరం మాత్రం మిగులుతుంది.

ఇంతకీ పగడపు రాయి అంటే ఏమిటి? ఉంగరాలలో పొదిగే ఎర్రని పగడం వేరు, ఇది వేరు. ఈ రాయిని కట్టేవి పాలిప్ అనే చిన్న జీవులు. మెత్తని సంచివంటి శరీరం, పైన నోరు, నోటి చుట్టూ సన్నని వేళ్ళవంటి స్పర్శకాలు. ఇవి సముద్రపు నీటిలోని సున్నాన్ని గ్రహించి తమ కింద రాతి గిన్నెను కట్టుకుంటాయి. లక్షలాది గిన్నెలు ఒకదానినొకటి అంటుకుని భిత్తిక అవుతుంది. గుండ్రని బండవంటి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అంటే మీ ఎత్తు పెరగడానికి దానికి వంద సంవత్సరాలకు పైగా పడుతుంది.

పాలిప్‌కు ఇల్లు కట్టడం తెలుసు కాని వంట చేసుకోవడం తెలియదు. దాని వంటవాడు దాని శరీరంలోనే నివసించే అతి సూక్ష్మమైన శైవలం. శైవలం సూర్యకాంతితో ఆహారం తయారుచేసి పాలిప్‌కు పెడుతుంది. పాలిప్ దానికి నీడనిస్తుంది. పగడానికి రంగు ఇచ్చేది కూడా చాలావరకు ఈ శైవలమే. కనుకనే పగడాలు వెలుతురు అందే లోతు తక్కువ నీటిలో, బురద లేని చోట పెరుగుతాయి.

ఈ తోటను దగ్గరగా చూడడానికి మనుషులు కనిపెట్టిన సులభమైన సాధనం స్నార్కెల్. లక్షద్వీపాలలో, అండమాన్ దీవులలో యాత్రికులు దీనిని విరివిగా వాడుతారు. ఇందులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి కళ్ళనూ ముక్కునూ కప్పే అద్దపు తొడుగు. రెండవది నోట పట్టుకునే వంకర గొట్టం.

నీటిలో కళ్ళు తెరిస్తే అన్నీ మసకగా కనిపిస్తాయి కదా! గాలిలో నుండి కంటిలోకి వచ్చే కాంతి కంటిపొర వద్ద వంగి, లోపల బొమ్మ స్పష్టంగా పడుతుంది. నీటిలో నుండి నేరుగా వచ్చే కాంతి అంతగా వంగదు. అద్దపు తొడుగు కంటి ముందు కొంత గాలిని నిలుపుతుంది. అందుచేత చూపు తిరిగి స్పష్టమవుతుంది. అయితే వస్తువులు ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి. చిన్న చేపను పెద్ద చేప అని చెప్పేవారంతా అబద్ధాలకోరులు కారు!

ముఖం నీటిలో ఉంచి, బోర్లా తేలుతూ, గొట్టం ద్వారా గాలి పీల్చుకోవచ్చు. 'గొట్టాన్ని ఇంకా పొడవు చేస్తే ఇంకా లోతుకు పోవచ్చు కదా?' అని మీకు అనిపించవచ్చు. అలా వీలుపడదు. ఒక మీటరు లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 100 గ్రాముల అదనపు ఒత్తిడి పడుతుంది. ఛాతీ విప్పారడమే కష్టం. పైగా విడిచిన చెడుగాలి పొడవైన గొట్టంలోనే నిలిచిపోయి, దానినే మళ్ళీ పీల్చవలసి వస్తుంది. అందువల్ల గొట్టం మూరెడుకు మించి ఉండదు. దుర్యోధనుడికి జలస్తంభన విద్య తెలుసు కనుక మడుగులో దాగి ఉండగలిగాడు. మనకు నీటి పైనే తేలడం క్షేమం.

తేలేటప్పుడు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. తేలే కోటు వేసుకోవాలి. ఒంటరిగా పోకూడదు. తెలిసిన మనిషి పక్కన ఉండాలి. పగడం మీద నిలబడకూడదు. ఒక్క అడుగు చాలు, ఏళ్ళ తరబడి పెరిగిన కొమ్మ విరిగిపోవడానికి. చేతితో తాకకూడదు. తాకితే పగడానికీ హాని, మనకూ హాని. దాని అంచులు గీసుకుంటే పుండ్లు పడతాయి. పడవ లంగరును పగడాల మీద వేయకూడదు. గవ్వ గాని, పగడపు ముక్క గాని ఇంటికి తేకూడదు. ఈ పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుండి రక్షణ ఉన్నది.

ఊరికే చూస్తూ ఉంటే ఆ తోట ఎన్నో చూపిస్తుంది. చిలుక ముక్కువంటి నోటితో పగడాన్ని కొరికే చిలుకచేపలు ఉంటాయి. అవి మింగిన రాయి మెత్తని ఇసుకగా బయటకు వస్తుంది. దీవుల తెల్లని ఇసుకలో కొంత వాటి పనే. ముళ్ళబంతులవంటి జీవులు, నక్షత్ర చేపలు, సముద్రపు దోసకాయలు ఉంటాయి. పక్కనే సముద్రపు గడ్డి మైదానాలు ఉంటాయి. ఆ గడ్డిని మేసే కడలి ఆవు కోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో ప్రత్యేక రక్షణ ప్రాంతాన్ని ఏర్పాటు చేసినది.

ఈ నీటిలో వినోదం కోసం కాక, కూటి కోసం దిగేవారు కూడా ఉన్నారు. మండపం, పాంబన్ పరిసర గ్రామాల స్త్రీలు కళ్ళకు అద్దాలు పెట్టుకుని, వేళ్ళకు గుడ్డ చుట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగి సముద్రపు నాచు కోస్తారు. వారికి గొట్టం కూడా లేదు. ఆ నాచు నుండి తీసే అగర్ ఎన్నో తినుబండారాలలో కలుస్తుంది. దీవులు జాతీయ ఉద్యానవనం అయిన తరువాత తరతరాలుగా కోసుకున్న చోట్లు వారికి నిషిద్ధమయ్యాయి. దీవులు బతకాలి, వారి పొయ్యి వెలగాలి. రెండూ న్యాయమే. ఈ చిక్కు ఇంకా పూర్తిగా వీడలేదు. ఆ స్త్రీలు మాత్రం నాచు కోసే రోజులను తామే తగ్గించుకున్నారు. ఇనుప పనిముట్లు మాని చేతితో కోయాలని కట్టుబాటు చేసుకున్నారు. వారి తరఫున నిలిచి పనిచేసిన చిన్నపాలెం గ్రామవాసి లక్ష్మీమూర్తికి 2015లో అంతర్జాతీయ సీకాలజీ బహుమతి లభించినది.

ఇక చెప్పవలసిన విషయం విచారకరమైనది. పూర్వం కొన్ని దశాబ్దాల పాటు ఈ తీరంలో పగడపు రాళ్ళను తవ్వి పడవలకెత్తారు. సున్నం బట్టీలలో కాల్చారు, గోడలకు వాడారు. రాయి ఊరికే దొరుకుతున్నదనుకున్నారు. గోడ పోయాక అలలను ఆపేది లేకపోయినది. దీవుల ఇసుక కోసుకుపోయినది. కీళక్కరై వరుసలోని పూవరసన్‌పట్టి, తూత్తుకుడి వరుసలోని విలాంగుచల్లి నీట మునిగిపోయాయి. 21 అని మనం లెక్క చెప్పినా, పైకి కనిపించేవి 19 మాత్రమే.

తవ్వకం ఆగినా మరొక ఆపద వచ్చినది. నీటి వేడి మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి వారాల తరబడి అలాగే ఉంటే పాలిప్‌లు తమలోని శైవలాలను వెళ్ళగొడతాయి. పగడం తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చనిపోతుంది. మన్నార్ సింధుశాఖలో 1998, 2010, 2016 సంవత్సరాలలో ఇలా జరిగినది.

మనుషులు పోగొట్టిన దానిని మనుషులే కొంత నిలబెట్టాలని ప్రయత్నిస్తున్నారు. తూత్తుకుడి వద్ద క్షీణించిపోతున్న వాన్ దీవి ముందు శాస్త్రజ్ఞులు కాంక్రీటు దిమ్మెలను దించారు. అవి అలల వేగాన్ని తగ్గిస్తున్నాయి, పగడాలు పట్టుకోవడానికి చోటు ఇస్తున్నాయి. కాని కాంక్రీటు దిమ్మెను ఒక్క రోజులో దించవచ్చు, పగడాన్ని ఒక్క రోజులో పెంచలేము.

సాయంత్రం పడవ తిరిగి ఒడ్డుకు చేరుతుంది. మనతో ఏమీ తేలేదు కనుక చేతులు ఖాళీగానే ఉంటాయి. మన కళ్ళలో మాత్రం ఒక తోట ఉంటుంది. మన తరువాత వచ్చే పిల్లలు కూడా దానిని చూడాలంటే, అందరూ అలా ఖాళీ చేతులతోనే తిరిగి రావాలి.

పదాలు – అర్థాలు

భిత్తిక = గోడ
శైవలం = నాచు జాతికి చెందిన జీవి
స్పర్శకం = తాకి తెలుసుకునే అవయవం
జలస్తంభన = నీటిని కదలకుండా నిలిపి అందులో ఉండగల విద్య
లంగరు = పడవను నిలపడానికి నీటిలో వేసే బరువైన ఇనుప కొక్కెం
నిషిద్ధం = కూడదని ఆపబడినది

ప్రశ్నలు

1. దిండిగల్ కొండ రాయికీ పగడపు రాయికీ గల భేదాలను తెలపండి.
2. స్నార్కెల్ గొట్టం పొడవుగా ఉండకపోవడానికి కారణాలు ఏవి?
3. పాలిప్, శైవలం ఒకదానికొకటి ఎలా తోడ్పడతాయి?
4. నాచు కోసే స్త్రీల బతుకు, దీవుల రక్షణ రెండూ సాగాలంటే ఏమి చేయవచ్చు? మీ అభిప్రాయం రాయండి.

చేయండి: మీ ఊరి చుట్టుపక్కల గ్రామాలు, చెరువులు, గుట్టల పేర్లు పది సేకరించండి. వాటికి తమిళంలో, తెలుగులో గల అర్థాలను పెద్దలను అడిగి రాయండి.