పేరు లేని పరిష్కర్త

ఏ కొలువును లేక, గ్రంథసంపాదకత్వమునే జీవనోపాధిగా మలచుకొనువారి కథ

నేడు తెలుగునాట పుస్తకము వ్రాయువారు పెరిగిరి. అచ్చువేయించు మార్గములు సులభమైనవి. కాని వ్రాతకును అచ్చునకును నడుమ నిలిచి, ప్రతిని ఆమూలాగ్రముగా చదివి, తప్పులెంచి, సందేహములను గ్రంథకర్త దృష్టికి తెచ్చి, పాఠమును శుద్ధిచేయు మనిషి మాత్రము పెక్కు ప్రచురణలలో కానరాడు. రచయితలు తమ సొమ్ముతో తామే పుస్తకములు వేసికొనుచున్న ఈ కాలమున ఆ లోటును పూరింపగలవారు, నెలజీతమునకు కట్టుబడని స్వతంత్ర సంపాదకులు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 19వ శతాబ్ది పూర్వార్ధమున సి.పి. బ్రౌను జూలూరి అప్పయ్య మొదలగు పండితులకు స్వంత ధనముతో జీతములిచ్చి, వ్రాతప్రతులను సేకరించి, పాఠభేదములను సరిపోల్పించి, శుద్ధప్రతులను వ్రాయించెను. 1829లో ఆయన ప్రకటించిన వేమన పద్యముల సంపుటి అట్టి కృషికి తొలి ఫలములలో నొకటి. పిమ్మట మదరాసులో వావిళ్లవారి ముద్రణాలయము వంటివి పండితులకు నీడనిచ్చినవి. నాటి పరిష్కర్తకు పోషకుడొకడుండెను. నేటి స్వతంత్ర సంపాదకునకు పోషకుడును, గుమాస్తాయు, బాకీలు వసూలు చేయువాడును తానే.

పనిలో మూడు తెరగులు

అధ్యాయముల వరుసను, కథనపు కట్టుబాటును పరిశీలించుట ఒకటి. వాక్యమును, వ్యాకరణమును, విషయసత్యమును సరిచూచుట రెండవది. పుటలు కట్టిన పిదప ముద్రారాక్షసములను పట్టుట మూడవది. ఈ మూటిని కలగాపులగము చేసి, ‘ఒకసారి ప్రూఫు చూసిపెట్టండి’ అని అడుగువారే అధికులు. అడుగుచున్నది వీనిలో ఏదియో తేల్చుకొనక తలయూపిన సంపాదకుడు, ప్రూఫు వెలకు పుస్తకమంతయు తిరుగవ్రాయవలసివచ్చును.

ఒక ఆత్మకథ చేతికి వచ్చినదనుకొందము. 43వ పుటలో సుబ్బమ్మయైన మేనత్త 112వ పుటలో సూరమ్మ యగును. 1956లో పుట్టితినని చెప్పుకొన్న పెద్దమనిషి 1969 తెలంగాణ ఉద్యమములో డిగ్రీ విద్యార్థిగా ఊరేగును. పదుమూడేండ్ల బాలునకు డిగ్రీ ఎక్కడిది? అట్లని సంపాదకుడు తనకు తోచిన సంవత్సరమును వేయరాదు. పుటయు పంక్తియు చూపి, ప్రశ్న వ్రాసి పంపి, సమాధానము వచ్చువరకు అచ్చోట గుర్తు నిలుపవలెను. ‘అను’ ఫాంటులలో కూర్చిన పాతప్రతి యూనికోడులోనికి మారినపుడు వత్తులు చెదరి, అక్షరములు తారుమారగుట కలదు గనుక అట్టి ప్రతిని మూలముతో పక్కపక్కన పెట్టుకొని చదువుట తప్పదు.

‘అతను ఇంటికి వెళ్లగా తలుపు తాళం వేయబడి ఉండటం గమనించబడింది’ అను వాక్యమును ‘అతను ఇంటికి వెళ్లేసరికి తలుపుకు తాళం వేసి ఉంది’ అని మార్చుట సంపాదకధర్మము. అదే ప్రతిలో నిజామాబాదు రైతు ‘పోయిండు’ అనిన చోట ‘వెళ్లాడు’ అని దిద్దుట అపరాధము. 1957 నాటి కాపీరైటు చట్టము 57వ సెక్షను, తన పేరుప్రతిష్ఠలకు భంగకరముగా రచనను వికృతము చేసినచో అడ్డుకొను హక్కును గ్రంథకర్తకు ఇచ్చియున్నది. అయితే చట్టమునకు వెరచి కాదు, చెవి కలిగి ఆగుట మేలు. తప్పు పట్టగలవారు మనలో కొల్లలు; ఏది తప్పు కాదో ఎరిగి కలము నిలుపువానికే రచయిత తన రెండవ పుస్తకమును అప్పగించును.

వెలయు, వాయిదాయు

పుటకింత యని వెల చెప్పుట వాడుక. కాని అక్షరముల సైజు తగ్గించినచో పుటలు తగ్గును గాని పని తగ్గదు. కావున మాటల లెక్కన చెప్పుటయే న్యాయము. ప్రతి నడుమనుండి అయిదారు పుటలు తీసికొని దిద్దిచూచినచో, గంటకెన్ని మాటలు సాగునో తేలును. గంటకు 1,000 మాటలు సాగు ప్రతి 60,000 మాటలున్నచో మొదటి చదువునకే 60 గంటలు. రెండవ చదువు, ప్రశ్నోత్తరములు, తుదిప్రూఫు దానిపై అదనము. ఈ లెక్కను కాగితముపై పెట్టి, ఎన్ని విడతలు చదువవలెనో, బయానా ఎంతో, మిగిలిన సొమ్ము ఎప్పుడో ముందే వ్రాసికొన్నచో స్నేహమును నిలుచును, సొమ్మును చేతికందును.

పుస్తకములనే నమ్ముకొన్నవానికి నెలలన్నియు ఒక్కరీతిగా గడవవు. స్వచ్ఛంద సంస్థల నివేదికలు, పాఠ్యాంశముల అనువాదములు, అమెరికాలోని తెలుగువారి సభల ప్రత్యేక సంచికలు, అచటి పెద్దలు మనుమల కొరకు వ్రాయించుకొను జ్ఞాపకములు — ఇవి నడుమనడుమ ఆదుకొనును. ఉన్న ఉద్యోగమును విడుచుటకు పూర్వమే సాయంకాలములలో ఒకటి రెండు ప్రతులు పూర్తిచేసి, కొన్ని నెలల ఇంటిఖర్చు చేర్చుకొని దిగుట వివేకము.

ముఖచిత్రకారుని పేరును, ముద్రాపకుని పేరును వేయు పుటలో సంపాదకుని పేరునకును ఒక పంక్తి చోటు కలదు. మొగమాటపడక దానిని ఒప్పందములోనే అడిగి వ్రాయించుకొనవలెను. తరువాతి రచయిత ఆ పంక్తిని చూచియే ఫోను చేయును.