బడి గంట మోగే వేళకు

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫా నగరంలో వస్త్ర వర్తకులు. అక్కడే వారి విద్యాగోష్ఠి జరిగేది. దానికి వచ్చే ఒక పేద బాలుడు ఉన్నట్టుండి రావడం తగ్గించాడు. ఇల్లు గడవక పెద్దలు అతణ్ణి పనికి పంపారు. (తల్లి ఆపిందని ఒక ఉల్లేఖనం, తండ్రి ఆపాడని మరొకటి, పేదరికం రెండింటిలోనూ ఉంది.) ఇమామ్ గారు ఆ గైర్హాజరీని గమనించారు, కారణం అడిగారు, డబ్బు సంచి చేతికిచ్చి పాఠానికి క్రమం తప్పక రమ్మన్నారు. అది ఖర్చయ్యాక మళ్ళీ ఇచ్చారు. ఆ బాలుడే తర్వాత ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయిన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ).

ఈ వృత్తాంతాన్ని మేము విద్యార్థులకు తరచూ చెబుతుంటాము. నిజానికి ఇది తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ చెప్పవలసినది. పిల్లవాడు రాలేదంటే ముందుగా అడగవలసినది 'ఎందుకు' అని. బెత్తం ఆ ప్రశ్నకు జవాబు రాబట్టదు.

ఆలస్యాన్ని చాలామంది చిన్న విషయంగా తీసుకుంటారు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు నిర్దేశించింది. రోజూ పావుగంట ఆలస్యమయ్యే బాలుడు ఏడాదిలో 55 గంటలు పోగొట్టుకుంటాడు. అది కూడా మొదటి పీరియడ్ నుంచే; చాలా బడులలో అది లెక్కలో, ఇంగ్లీషో అయి ఉంటుంది. ఇంటర్‌కు వచ్చేసరికి 75 శాతం హాజరు నియమం ఎదురవుతుంది. అప్పుడు రుసుము కట్టి మినహాయింపు పొందవచ్చునేమో గాని, వినని పాఠాన్ని ఏ రుసుమూ తెచ్చి ఇవ్వదు.

ఉదయపు ఆలస్యానికి మూలం రాత్రిలో ఉంది. మన వలీమా విందులలో దస్తర్‌ఖాన్ పరిచేది ఎన్ని గంటలకో పాఠకులకు తెలియనిది కాదు! అర్ధరాత్రి దాటి ఇల్లు చేరిన పిల్లలు ఫజ్ర్‌కు లేవరు, బడికీ లేవరు. ఐదు పూటల నమాజుకు వేళలు నిర్ణయమై ఉన్న ధర్మం మనది. విందుకు మాత్రం వేళ లేకపోవడం వింతే.

మరి శుక్రవారం? జుమాకని మధ్యాహ్నం బయలుదేరిన బాలురు కొందరు ఆ పూట మళ్ళీ తరగతిలో కనబడరు. నమాజు ముగిశాక ఎవరి పనికి వారు వెళ్ళవచ్చునన్న అనుమతి అల్ జుముఆ సూరాలోనే ఉంది. విద్యార్థి పని చదువు. తండ్రి స్వయంగా ప్రధానోపాధ్యాయులను కలిసి, నమాజుకు పట్టే సమయం చెప్పి, అబ్బాయి తిరిగి వస్తాడని మాట ఇవ్వాలి. ఆ మాట నిలబెట్టుకుంటే తర్వాత వచ్చే పిల్లలకూ అనుమతి సులభమవుతుంది.

మక్తబ్ నడిపే మావంటి వారికీ ఒక బాధ్యత ఉంది. ఫజ్ర్ తర్వాత మొదలయ్యే ఖుర్ఆన్ పాఠం బడి గంటకు చాలా ముందే ముగియాలి. పిల్లవాడు ఇల్లు చేరి, నాలుగు ముద్దలు తిని, పుస్తకాలు సర్దుకునే వ్యవధి ఉండాలి. సబఖ్ మిగిలితే సాయంత్రం వినవచ్చు.

ఆడపిల్లల సంగతి వేరు; వారి గైర్హాజరీ ఆలస్యం వల్ల వచ్చేది కాదు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే ఇళ్ళలో తల్లికి ఆకు కత్తిరించి ఇవ్వడానికో, చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికో అమ్మాయి ఇంట ఉండిపోతుంది. వారానికి ఒక రోజు రెండవుతుంది, ఆపై బడికి వెళ్ళడానికే సిగ్గుపడుతుంది. అటువంటి ఇంటికి ఉపదేశం వినిపించి ప్రయోజనం లేదు. నెలకు లోటు ఎంతో మసీదు కమిటీ పెద్దలు గౌరవంగా అడిగి తెలుసుకోవాలి. అర్హులైతే జకాత్ నుంచి, కాకుంటే సదకా నుంచి ఆ లోటు పూడ్చవచ్చు. ఇందుకు రంజాన్ మాసం వచ్చేదాకా ఆగనక్కరలేదు. బడులు తెరిచేది జూన్‌లో.